పెదనాన్న డైరీలో లేని అంకె

కృష్ణా జిల్లా మెట్టలో, అంటే మా జగ్గయ్యపేట, నందిగామ వైపు (2022 ఏప్రిల్ నుంచి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి, నోటికి మాత్రం ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది) యాభై దాటిన వారిని ఎవరినైనా పలకరించి ఆరోగ్యం సంగతి అడగండి. "షుగరుంది, కంట్రోల్లోనే ఉంది" అంటారు. పరగడుపున ఎంత, తిన్న తరవాత ఎంత అన్నది కూడా అప్పజెబుతారు. "మరి బీపీ?" అని అడగండి. "అదీ కొంచెం ఉంది లెండి" అంటారు. ఆ అంకె ఎంతో చెప్పరు, ఎందుకంటే తెలియదు. ఈ "కొంచెం ఉంది లెండి" అన్న మాట మీదనే నా తగాదా.

నేను వైద్యుణ్ణి కాను. ఫలానా మందు వేసుకోండని చెప్పే అర్హత నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. కాని అచ్చయిన పరిశోధనలను చదివి అర్థం చేసుకోగల చదువు మీకూ నాకూ ఉంది. అది ఉండి కూడా మన ఇళ్ళలో జరుగుతున్నదాన్ని చూస్తూ ఊరుకోవడం తప్పని నమ్మి రాస్తున్నాను. నా వాదన ఒక్కటే. మధుమేహం ఉన్న మనిషికి రక్తపోటును అదుపులో పెట్టడం షుగరు సంగతి తేలాక తీరికగా చూసుకొనే పని కాదు. రెండూ పక్కపక్కనే, ఒకే పట్టుదలతో చేయవలసిన పనులు. పక్షవాతం విషయంలోనైతే రక్తపోటుదే ముందు పీట.

మా పెదనాన్నది జగ్గయ్యపేటకూ నందిగామకూ నడుమ, హైవేకు దగ్గరలో ఉన్న పల్లె. మిరప, పత్తి వేసిన రైతు. షుగరు బయటపడిన నాటినుంచి ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన డైరీలో లెక్క రాసేవారు. ఏ బస్సు ముందొస్తే ఆ ఊరికి వెళ్ళి పరీక్ష చేయించుకొనేవారు; తరవాత మా అన్నయ్య షుగరు మిషను కొని పంపితే ఇంట్లోనే చూసుకొనేవారు. పదకొండేళ్ళ లెక్క అది. అన్నం తగ్గించారు, టీలో చక్కెర మానేశారు, తిరునాళ్ళకు వెళ్ళినా మిఠాయి ముట్టలేదు. నేను ఎప్పుడు వెళ్ళినా "ఏరా అబ్బాయ్, చూడు నా మార్కులు" అని డైరీ చేతికిచ్చేవారు.

ఒక మాఘమాసంలో, మిరపకాయ కోతల రోజుల్లో, తెల్లవారుజామున మంచం దిగబోయి కూలబడిపోయారు. కుడిచెయ్యి లేవలేదు, మాట ముద్దగా వచ్చింది. ఇంట్లోవాళ్ళు ఏమనుకున్నారో ఊహించగలరా? షుగరు పడిపోయిందనుకున్నారు. నోట్లో గ్లూకోజు నీళ్ళు పోశారు. కోలుకుంటారని ఎదురు చూశారు. ఊరి ఆర్ఎంపీ వచ్చి ముందు షుగరే చూశాడు. అది బాగానే ఉంది. బీపీ చూసేసరికి తెల్లగా తెల్లవారింది. అక్కడినుంచి కారు మాట్లాడుకొని విజయవాడ చేరేసరికి, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షనుకు ఉన్న నాలుగున్నర గంటల గడువు దాటిపోయింది.

ఆసుపత్రిలో కూర్చున్న ఆ రాత్రి డైరీ మొత్తం తిరగేశాను. పదకొండేళ్ళలో షుగరు అంకెలు వందలున్నాయి. రక్తపోటు గురించి ఉన్నది ఒకే ఒక్క పంక్తి, అదీ నాలుగేళ్ళ కిందటిది: "బీపీ నార్మల్ అన్నారు. బిళ్ళ ఆపేశాను." ఆపమని ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. ఆపవద్దని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు. డైరీ చూసి మెచ్చుకున్న నేనూ చెప్పలేదు.

ఇక దీన్ని ఖర్మ అని సరిపెట్టుకోవడానికి వీల్లేకుండా చేసే సంగతులు కొన్ని ఉన్నాయి. అవి పాతికేళ్ళకు పైగా అచ్చులో ఉన్నవే.

ఇంగ్లండులో యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. మధుమేహానికి తోడు అధిక రక్తపోటు ఉన్న 1,148 మందిని రెండు జట్లుగా విభజించి ఎనిమిదేళ్ళకు పైగా చూశారు. ఒక జట్టుకు రక్తపోటును గట్టిగా అదుపు చేశారు, రెండో జట్టుకు కొంత వదులుగా. తేడా మరీ ఎక్కువేమీ కాదు: మొదటి జట్టు సగటు 144/82, రెండో జట్టుది 154/87. పైఅంకెలో పది, కిందఅంకెలో అయిదు, అంతే. 1998లో ఫలితాలు వెలువడ్డాయి. గట్టి అదుపు ఉన్న జట్టులో పక్షవాతం 44 శాతం, మధుమేహ సంబంధ మరణాలు 32 శాతం, కంటినీ మూత్రపిండాన్నీ పాడుచేసే సూక్ష్మ రక్తనాళాల జబ్బులు 37 శాతం తగ్గాయి. అదే అధ్యయనంలో షుగరును గట్టిగా అదుపు చేసిన భాగం వేరే ఉంది. అందులో సూక్ష్మ రక్తనాళాల జబ్బులు 25 శాతం తగ్గాయి. పక్షవాతం మాత్రం తగ్గినట్టు తేలలేదు. ఈ రెండు భాగాలనూ ఒకే తక్కెడలో పెట్టి తూచడం పూర్తిగా న్యాయం కాదని నాకు తెలుసు. షుగరు అదుపు అక్కరలేదని అనడమూ లేదు. మనం పూర్తిగా వదిలేసిన పనికి ఎంత బలముందో చెప్పడానికే ఈ లెక్క.

అంతకన్నా నన్ను కలచివేసినది 2008లో వచ్చిన దాని కొనసాగింపు. 1997లో అధ్యయనం ముగిశాక ఆ మనుషులందరూ తమ తమ మామూలు వైద్యానికి వెళ్ళిపోయారు. రెండేళ్ళు తిరక్కుండానే రెండు జట్ల రక్తపోటు ఒకటైపోయింది. పదేళ్ళ తరవాత చూస్తే, షుగరును మొదట్లో గట్టిగా అదుపు చేసినవాళ్ళకు ఆ మేలు ఇంకా మిగిలే ఉంది. రక్తపోటు అదుపు వల్ల వచ్చిన మేలు మాత్రం నిలవలేదు. మా భాషలో చెప్పాలంటే షుగరు అదుపు గాదెలో పోసుకొన్న ధాన్యం, కొంతకాలం అక్కరకొస్తుంది. రక్తపోటు అదుపు ఏ రోజు కూలి ఆ రోజుదే. పనిలోకి వెళ్ళడం మానేస్తే కూలి రాదు. "బీపీ నార్మల్ అన్నారు. బిళ్ళ ఆపేశాను" అన్న పంక్తిని ఈ వెలుగులో మరొకసారి చదవండి. నార్మల్ అయింది బిళ్ళ వల్ల. వాన కురుస్తున్నా తడవడం లేదని గొడుగు ముడిచినట్టు ఆపేశారు.

ఇప్పుడు మా ప్రాంతంలో నాకు ఎదురయ్యే మాటలకు వరసగా జవాబు చెబుతాను.

"వయసుకు వంద కలుపు, అంత బీపీ ఉండొచ్చు." ఈ సూత్రం ఎన్ని నోళ్ళలో విన్నానో లెక్కలేదు. చదువుకున్నవాళ్ళూ అంటారు. ఈ లెక్కన అరవయ్యేళ్ళ మనిషికి 160 మామూలన్నమాట! పైన చెప్పిన అధ్యయనంలో వదులుగా చూసిన జట్టు సగటే 154. ఆ జట్టులోనే ఎక్కువమంది పడిపోయారు. వయసుతో పాటు రక్తపోటు పెరగడం తరచుగా జరిగేది నిజమే. తరచుగా జరిగినంత మాత్రాన హాని లేనిది అయిపోదు.

"నాకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు." ఈ జబ్బు దొంగతనమంతా అక్కడే ఉంది. చాలామందికి ఏ బాధా ఉండదు. ఎత్తుకొచ్చేది మిషను మీది అంకె ఒక్కటే. షుగరు ఎక్కువైతే దాహం వేస్తుంది, రాత్రిళ్ళు నాలుగుసార్లు లేవవలసి వస్తుంది, పుండు మానదు. అందుకే దానికి మనం భయపడతాం. దీనికి భయపడకపోవడానికి కారణం అది మర్యాదగా ఉండడమే.

"ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలి, అలవాటు పడిపోతుంది." జీవితాంతం వేసుకోవలసి రావడం, చాలామంది విషయంలో, నిజం. అలవాటు పడడం అన్నది అబద్ధం. కళ్ళజోడు పెట్టుకొన్నవాడు కళ్ళజోడుకు బానిస అయ్యాడని ఎవరూ అనరు. ఇదే మనిషి షుగరు బిళ్ళ ఏళ్ళ తరబడి వేసుకొంటూ దాన్ని అలవాటు అనడు, మందు అంటాడు.

"బీపీ బిళ్ళలు కిడ్నీలను పాడు చేస్తాయి." ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట కనుక కాస్త విపులంగా చెప్పాలి. మా జిల్లాలోనే తిరువూరు వైపు ఎ.కొండూరు మండలపు తండాల్లో మూత్రపిండాల జబ్బు ఏళ్ళ తరబడి మనుషులను మింగుతూ ఉంది. ఆ కథ వేరు. తాగునీటి మీద, ఇతర కారణాల మీద ఇంకా చర్చ ఉంది. కాని ఆ పేరు వినీ వినీ మావాళ్ళకు కిడ్నీ అంటే నీళ్ళు, లేదా మందులు అన్న లెక్క స్థిరపడింది. తమ ఇంట్లోనే, కారణం తెలిసిన, ఆపగలిగిన మార్గం ఉన్న కిడ్నీ జబ్బు నడుస్తున్నదని తోచదు. మధుమేహం, రక్తపోటు జంటగా పనిచేసి మూత్రపిండాల్లోని వడపోత తిత్తులను చెడగొడతాయి. 2001లో రెండు పెద్ద అధ్యయనాలు వెలువడ్డాయి. మధుమేహం వల్ల మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిన్నవారికి ఒకదానిలో లోసార్టన్, మరొకదానిలో ఇర్బిసార్టన్ ఇచ్చారు. రెండూ రక్తపోటు మందులే. రెండింటిలోనూ మూత్రపిండాల క్షీణత నెమ్మదించింది. లోసార్టన్ వేసుకొన్నవారిలో డయాలసిస్ దాకా వెళ్ళే ప్రమాదం 28 శాతం తగ్గింది. మన మందుల కొట్లలో విరివిగా కనబడే టెల్మిసార్టన్ ఈ కుటుంబానిదే. అంటే ఏ బిళ్ళను కిడ్నీ భయంతో ఆపేస్తున్నామో ఆ బిళ్ళే కిడ్నీకి కాపలా.

ఈ అపోహకు ఒక మూలం ఉంది, దాన్నీ దాచకూడదు. ఈ మందులు మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కొద్దిగా పెరగవచ్చు, పొటాషియం పెరగవచ్చు. అందుకే కొన్ని వారాల్లో రక్తపరీక్ష చేయించాలి. ఎక్కువగా పెరిగితే డాక్టరు మోతాదో మందో మారుస్తారు. గర్భిణులకు ఈ కుటుంబపు మందులు అసలు పనికిరావు. కాని పరీక్షలో కొద్దిపాటి పెరుగుదల చూసి ఎవరో "మందే కొట్టింది" అనడం, రోగి ఇంటికొచ్చి మొత్తం ఆపేయడం, ఇదీ జరుగుతున్నది. ఇంకొక వింత చూడండి. కిడ్నీ పేరు చెప్పి బీపీ బిళ్ళ ఆపిన అదే మనిషి, మిరప చేలో నడుం వంచి సాయంత్రానికి నొప్పులని కొట్లో అడిగి డైక్లోఫినాక్ బిళ్ళలు నెలల తరబడి మింగుతాడు. ఆ నొప్పి బిళ్ళలు రక్తపోటును పెంచుతాయి, మూత్రపిండాలకూ చేటు చేస్తాయి. నిజంగా భయపడవలసినది వాటికి.

"ఉప్పు తగ్గిస్తే చాలదా?" సగం ఒప్పుకుంటాను. రోజుకు అయిదు గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, ఉప్పుచేప ఉన్న మా కంచాల్లో అంతకు మించే ఉంటుందని వేరే చెప్పాలా? షుగరు పేరు చెప్పి అన్నం తగ్గించి, అదే ఊపులో ఉన్న కాస్త అన్నంలో పచ్చడి రెట్టింపు కలుపుకొనే వాళ్ళను చూశాను. ఉప్పు తగ్గించడం, నడవడం, చుట్టా సారా మానడం మందుకు తోడు. చాలామందికి మందుకు బదులు కావు.

ఇక ఎంతకు దింపాలన్నది. ఇక్కడ నాకు అనుకూలమైనవే చెప్పి తప్పుకోను. 2010లో వచ్చిన అకార్డ్ అధ్యయనంలో 4,733 మంది మధుమేహులను చూశారు. ఒక జట్టుకు పైఅంకెను 120 లోపుకు దింపాలని, రెండో జట్టుకు 140 లోపు ఉంచాలని ప్రయత్నించారు. గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణాలు మూడూ కలిపి చూసిన లెక్కలో 120 జట్టుకు స్పష్టమైన మేలు కనబడలేదు. పక్షవాతం ఒక్కటి తగ్గింది. మందుల వల్ల వచ్చిన ఇబ్బందులు పెరిగాయి. 2024లో చైనానుంచి బీప్రోడ్ అనే అధ్యయనం వచ్చింది. 12,821 మంది మీద అవే రెండు లక్ష్యాలతో చేశారు. ఈసారి గట్టి జట్టులో గుండె, రక్తనాళాల పెద్ద ప్రమాదాలు 21 శాతం తగ్గాయి. రక్తపోటు మరీ పడిపోవడం, పొటాషియం పెరగడం మాత్రం కొంత ఎక్కువగా కనబడ్డాయి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2023 నుంచి 130/80 లోపు లక్ష్యంగా పెట్టుకొమ్మంటున్నది. 120నా, 130నా అన్నది పండితుల వాదం, సాగనివ్వండి. మా ఊళ్ళో వివాదం అది కాదు. 160 ఉన్న మనిషికి బిళ్ళ ఉండాలా వద్దా అన్నదగ్గరే మేము ఇంకా నిలబడి ఉన్నాం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. చాలాకాలం షుగరు ఉన్నవారిలో నరాలు దెబ్బతిని, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్ళు బైర్లు కమ్ముతాయి. అందుకని కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడాలి. ముసలివాళ్ళ విషయంలో మెల్లమెల్లగా దింపాలి. ఇది మందు ఆపడానికి కారణం కాదు, మనిషిని చూసి మందు కూర్చడానికి కారణం.

వైద్యం చేసేవారితోనూ నాకు పేచీ ఉంది. పేర్లతో పనిలేదు, ఎవరికి వారికి తెలుసు. అప్పుడే బస్సు దిగి ఆయాసపడుతూ వచ్చిన మనిషికి, చొక్కా చేతి మీదనే పట్టీ చుట్టి, ఆయన తన బాధ చెబుతూ ఉండగానే బీపీ చూసి "పరవాలేదు" అనడం చూడటం కాదు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, బట్ట తీసి, మాట్లాడనివ్వకుండా చూడాలి. అంకెను చీటీ మీద రాసి చేతికివ్వాలి. "నార్మల్" అన్న మాట వైద్యుడి నోటినుంచి వస్తే రోగి చెవికి "నయమైపోయింది" అని వినబడుతుంది. "బిళ్ళ వల్ల అదుపులో ఉంది, ఆపవద్దు" అని ఇంకో మూడు మాటలు చెబితే పోయేదేమిటి? ఇంకొకటి. ఒక బిళ్ళ రాసి, అయిదేళ్ళపాటు ప్రతిసారీ 150 చూస్తూ అదే బిళ్ళ మళ్ళీ రాయడం వైద్యం కాదు. ఆ ఇంగ్లండు అధ్యయనంలోనే, తొమ్మిదో ఏటికి, గట్టి అదుపు జట్టులో 29 శాతం మందికి మూడు లేదా అంతకు మించి మందులు కావలసి వచ్చాయి. రెండో బిళ్ళ చేర్చడం రోగి ఓటమీ కాదు, వైద్యుడి ఓటమీ కాదు.

ఉచిత షుగరు శిబిరాలు పెట్టే దాతలకు ఒక దండం, ఒక మనవి. వేలు గుచ్చి అంకె చెప్పి పంపే ఆ బల్ల పక్కనే ఇంకొక కుర్చీ వేసి బీపీ కూడా చూడండి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లనీ, అధిక రక్తపోటు ఉన్నవారు 31.5 కోట్లనీ అంచనా కట్టింది. ఎక్కువ మందిలో ఉన్నదానికి తక్కువ శిబిరాలేమిటి?

ప్రభుత్వాల సంగతి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదవాడు పెద్దాసుపత్రి గడప తొక్కగలిగాడు. దాన్ని తక్కువ చేయను. కాని కాలూ చెయ్యీ పడిపోయాక, కిడ్నీ చెడిపోయాక లక్షలు పెట్టే రాజ్యం, అది జరగకుండా ఆపే బిళ్ళను నెలనెలా చేతికి అందించడంలో అంత శ్రద్ధ చూపకపోతే అది గట్టు తెగాక ఇసుక బస్తాలు మోయడమే. జగ్గయ్యపేట దాటి గరికపాడు చెక్‌పోస్టు అవతలికి పోతే కోదాడ, తెలంగాణ. 2017లో ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ మొదలైనప్పుడు తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది, మన రాష్ట్రం లేదు. ఆ పథకంలో అద్భుతమేమీ లేదు. అందరికీ ఒకే సులువైన మందుల క్రమం, ఆసుపత్రిలో మందు అయిపోకుండా చూడడం, నర్సులకూ బాధ్యత ఇవ్వడం, రాని రోగిని వెతికి పట్టుకోవడం, అదుపులోకి ఎందరు వచ్చారో లెక్క రాయడం. ఇవి చేయడానికి మనకు కొత్త శాస్త్రమేమీ అక్కరలేదు. 104 వాహనం ఊరికి వస్తుంది, ఆశా కార్యకర్త ఉంది, బిళ్ళ ఖరీదు రోజుకు ఒక టీ ఖర్చు కూడా కాదు. కావలసినది ప్రతి నెలా తప్పకపోవడం. కోతల రోజుల్లో చేనుకు వెళ్ళిపోయి, వాహనం వచ్చిన పూట ఊళ్ళో లేని కూలీకి ఆ నెల మందు ఎలా అందుతుందో ఆలోచించేవాడు కావాలి.

చివరి మాట మనకు. ఇది చదివేవారిలో చాలామంది ఊరికి దూరంగా, హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్నారు. ఆదివారం పూట ఇంటికి ఫోను చేసి "నాన్నా, షుగరెంతుంది?" అని అడుగుతాం. అంకె బాగుంటే మన బాధ్యత తీరిపోయినట్టు నిట్టూరుస్తాం. షుగరు మిషన్లు కొని పంపింది మనమే, బీపీ మిషను కొననిదీ మనమే. పెద్దవాళ్ళు మనం అడిగిన అంకెనే జాగ్రత్త చేస్తారు. మా పెదనాన్న డైరీలో రెండో అంకె లేకపోవడానికి మొదటి కారణం, దాన్ని అడిగినవాడు లేకపోవడం. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

పెదనాన్న ఇప్పుడు కర్ర సాయంతో వసారా దాకా నడుస్తారు. నన్ను చూస్తే "ఏరా" అంటారు, తరవాతి మాట రాదు. డైరీ ఇప్పుడు పెద్దమ్మ చేతికి వచ్చింది, ఆవిడకూ షుగరుంది. పేజీకి నడుమ గీత కొట్టి రెండు వరసలు చేశాం. కిందటి ఆదివారం రెండో వరసలో 138/84 అని చదివి వినిపించి, "ఇది మంచిదేనా నాయనా?" అని అడిగింది. "ఇంకా కొంచెం తగ్గాలి పెద్దమ్మా. బిళ్ళ మాత్రం ఆపకు, డాక్టరుగారికి ఈ పేజీ చూపించు" అన్నాను.

వైద్య మిత్రులెవరైనా ఇందులో తప్పులుంటే చూపండి, సంతోషంగా దిద్దుకుంటాను. మిగిలినవారు నాతో వాదనకు దిగేముందు ఒకసారి ఇంటికి ఫోను చేసి, రెండో అంకె అడిగి రండి.